తిరగబడ్డ ఫోటో

నెలలో మొదటి ఆదివారం భోజనాల వేళకి త్రీ హార్స్‌షూస్ పబ్బు వెనక గది పాత కార్ల పిచ్చోళ్లతో నిండిపోతుంది. వాళ్ల పెళ్లాలు ఆ గదికి రావడం ఎప్పుడో మానేశారు. ఒక కార్బురేటరు గురించి గంటల తరబడి మాట్లాడుకునే మొగాళ్ల మధ్య కూర్చోవడం కంటే, ఇంట్లో కిటికీలోంచి వాన చూడటం నయమని వాళ్ల అభిప్రాయం. అందులో తప్పేం లేదు.

ఆ రోజూ వాన పడుతోంది. నవంబరు నెల. వేయించిన గొడ్డుమాంసం, తడిసిన ఉన్నికోట్లు, పొయ్యిలో బొగ్గు, అన్ని వాసనలూ కలిసి గదంతా వెచ్చగా కమ్ముకుని ఉన్నాయి. మూల బల్ల దగ్గర లెన్ పాస్క్ ముందు బీరు గ్లాసు, జేబులో భూతద్దంతో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల లెన్‌కి ఒక పేరుంది. ఇంగ్లండులో తయారైన ఏ పాత స్పోర్ట్స్ కారైనా సరే, ఫోటో చూపిస్తే పేరు చెప్పేస్తాడు. మడ్‌గార్డు ముక్క కనిపించినా చాలు. ఒకసారి క్లబ్బు అధ్యక్షుడు జెఫ్ టిమ్స్ ఎవరిదో పెళ్లి ఫోటో తెచ్చి, మూలన కనపడే సగం చక్రం చూపించి పందెం కాశాడు. లెన్ ఒక గుటక వేసేలోపు, "ఆస్టిన్ హీలీ హండ్రెడ్" అన్నాడు. పెళ్లికూతురు ఎలా ఉందని తర్వాత ఎవరో అడిగితే, "ఫోటోలో పెళ్లికూతురుందా?" అన్నాడు.

"ఒరేయ్ లెన్, నీకో పని తెచ్చా," అంటూ జెఫ్ ఓ ముసలావిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

ఆవిడ పేరు వినిఫ్రెడ్ ఓరెల్. పెళ్లి చేసుకోలేదు, బడిలో పియానో నేర్పి రిటైరైంది. సన్నగా, నిటారుగా ఉంది. కుడిచేతిలో కర్ర. కోటుకి ఎడమపక్క వెండి ఆకు పిన్ను. కళ్లు మసకబారి ఉన్నాయి. కూర్చుని, సంచీలోంచి ఒక పాత ఫోటో తీసి, బల్ల మీద తడి లేని చోటు వేళ్లతో తడిమి చూసుకుని మరీ పెట్టింది.

"పదిమందికి చూపించానండీ. అందరూ కారు అంటారు. అది నాకూ తెలుసు," అంది.

గదిలో నవ్వులు. లెన్‌కి ఆవిడ నచ్చింది. ఫోటో మీదకి వంగాడు. నలుపు తెలుపు ఫోటో. టాపు దించిన కారు. వెనక మడ్‌గార్డుకి ఆనుకుని ఎవరో నిలబడ్డారు. ఆ ఎవరో వల్ల నంబరు ప్లేటు కనపడటం లేదని లెన్‌కి చిరాకేసింది.

"ట్రయంఫ్ టీఆర్ టూ," అన్నాడు గది మొత్తానికి వినపడేలా. "అందులోనూ మొదట్లో వచ్చిన రకం. తలుపు చూడండి, బండి అడుగుదాకా దిగిపోయింది. తర్వాత దీన్ని పొట్టి చేశారు. ఎందుకో తెలుసా? ఎత్తు ఫుట్‌పాత్ పక్కన ఆపితే ఈ పొడుగు తలుపు దాని అంచుకి కొట్టుకుని తెరుచుకోదు. లోపలున్నవాళ్లు లోపలే!"

అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి మిస్ ఓరెల్ నవ్వలేదు.

"మనవాడి కారూ అదే రకం," అన్నాడు జెఫ్. "బయట తడుస్తోంది చూడండి. కోళ్ల షెడ్డులో తుక్కుగా పడుంటే తెచ్చి, ఏళ్ల తరబడి దానికే సేవ చేశాడు. కట్టుకున్నదానికి కూడా అంత చెయ్యలేదు."

"నోర్ముయ్ రా," అన్నాడు లెన్, లోలోపల మురిసిపోతూ.

అప్పుడు మిస్ ఓరెల్ చెప్పింది. ఫోటోలో ఉన్నది ఆవిడ అక్క ఆడ్రీ. పంతొమ్మిది వందల యాభై ఐదు వేసవిలో తీసిన ఫోటో. కారు రేమండ్ అనే అబ్బాయిది. ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక ఆదివారం ఆడ్రీ ఆ కారెక్కి వెళ్లింది. మళ్లీ రాలేదు. బస్సు స్టాపు దగ్గర దింపేశానని రేమండ్ అన్నాడు. కారు అమ్మేశానన్నాడు. ఎవరికమ్మాడో ఏనాడూ చెప్పలేదు. అతనూ కిందటేడు పోయాడు.

"పోలీసులూ కోర్టులూ నాకక్కర్లేదండీ," అంది ఆవిడ. "వసంతానికల్లా నాకు చూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. ఈలోగా ఆ కారు ఎక్కడన్నా ఉంటే ఒకసారి చూడాలి. అక్క ఆఖరుసారి కూర్చున్న సీట్లో కూర్చోవాలి. అంతే. అక్క ఫోటో నాకున్నది ఇదొక్కటే. రోజూ పొద్దున్నే దీన్ని చూసి మొహం గుర్తుపెట్టుకుంటున్నా. రేపు చీకట్లోకి వెంట తీసుకెళ్లడానికి."

లెన్ భూతద్దం తీసి ఫోటో మీద పెట్టాడు. అద్దం, స్టీరింగు, డాష్‌బోర్డు... అక్కడ ఆగిపోయాడు.

ప్రయాణికుల సీటు ఎదురుగా, పట్టుకోవడానికి ఉండే పిడి కంపెనీ వేసింది కాదు. ఎవరింటి సొరుగుదో ఇత్తడి పిడి. వంకీ తిరిగి, ఒక కొస విరిగింది.

ఆ పిడిని లెన్ తన చేతుల్తో తోమాడు. ఎవడో తుంటరి వేసుకున్నాడని నవ్వుకుని, అందంగా ఉందని అలాగే ఉంచేశాడు. అదిప్పుడు బయట యార్డులో వానలో ఉంది.

వెంటనే చెప్పేస్తే సరిపోయేది. రండి, చూడండి, కూర్చోండి అంటే పోయేదేముంది? కానీ మనిషి మనసు అంత చక్కగా పనిచెయ్యదు. అతని కళ్ల ముందు ముసలావిడ లేదు. పోలీసు లారీ ఒకటి తన ఇంటిముందు ఆగింది. ఎవరో కుర్రాళ్లు తన కారు నేల రేకు కోస్తున్నారు, సీట్లు చీలుస్తున్నారు. ఫోటోలో ఒక్క అక్షరమ్ముక్క కూడా కనపడటం లేదని భూతద్దంతో ఇంకోసారి చూసి నిర్ధారణ చేసుకున్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

"ఇది తిరగబడిన ఫోటో అండీ."

"అంటే?"

"నెగెటివ్‌ని తిరగేసి పెట్టి ప్రింటు తీశారు. స్టీరింగు కుడివైపు కనపడుతోంది గానీ, అసలు బండికి ఎడమవైపున్నట్టు లెక్క. అమెరికా కోసం చేసిన బండి. అప్పట్లో ఇక్కడుండే ఏ అమెరికన్ సైనికుణ్ణో అడిగి ఒక పూట తెచ్చుకునుంటాడు మీ రేమండ్. అదెప్పుడో సముద్రం దాటిపోయి ఉంటుంది. ఇక దొరకదు."

"ఏదీ, ఇలా ఇవ్వు," అని జెఫ్ చెయ్యి చాపాడు. లెన్ వినపడనట్టు ఫోటో తీసి ఆవిడ చేతిలో పెట్టేశాడు. లెన్ మాటకి ఆ గదిలో ఎదురు లేదు. జెఫ్ భుజాలెగరేసి ఊరుకున్నాడు.

మిస్ ఓరెల్ ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "అయితే... దాని మచ్చ," అంది నెమ్మదిగా. "ఆడ్రీకి బుగ్గ మీద మచ్చండీ. ఎడమ బుగ్గ మీద. ఇందులో అలాగే ఉంది. తిరగబడిందంటే... కుడి బుగ్గ అన్నమాట. ఇన్నేళ్లూ మా అక్కని నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానన్నమాట."

లెన్ అప్పుడు చూశాడు ఆ పిల్ల మొహాన్ని. మొదటిసారి. ఎండకి కళ్లు చిట్లించి నవ్వుతోంది. ఎడమ కంటి కింద చిన్న నల్లటి మచ్చ. అతనికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. అయినా నోరు తెరవలేదు.

"పోన్లెండి," అంది ఆవిడ. "చెప్పారు, మంచిదైంది. సరిగ్గా నేర్చుకుంటాను."

*

ఆదివారం బస్సుల్లేవు. ఆవిణ్ణి ఈవ్‌షమ్ స్టేషన్ దగ్గర దింపమని జెఫ్ లెన్‌కే పురమాయించాడు. "నీ దారే కదరా. ఆవిడకీ సరదా తీరుతుంది, ఆ రకం కారే కదా." పదిమంది ముందు కాదనడానికి లెన్‌కి దారి దొరకలేదు.

నాలుగున్నరకే చీకటి పడిపోయింది. టాపు వేసి, కిటికీ అద్దాలకి బదులుండే ప్లాస్టిక్ పక్క తెరలు బిగించి ఉన్నాయి. ఆ కారు తలుపుకి బయట పిడి ఉండదు. తెరకున్న చిన్న రెక్క ఎత్తి, చెయ్యి లోపల పెట్టి, తలుపు లోపలి తాడు లాగాలి. లెన్ తాడు లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. డాష్‌బోర్డు దీపం వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు.

పొలాల మధ్య దారి. టాపు మీద వాన టపటపమంటోంది. వైపర్లు కీచుమంటూ ఇటూ అటూ పోతున్నాయి. నూనె వాసన, తడిసిన గుడ్డ వాసన, అతనికి అలవాటైన వాసనలే. కాసేపటికి వాటి కింద ఇంకో వాసన తగిలింది. ఏటి బురద వాసన. ఏవన్ నది పొంగింది కదా, పొలాల్లోంచి వస్తోందనుకున్నాడు.

ఒక మలుపులో కారు ఊగింది. ఆవిడ చెయ్యి ఆసరా కోసం ముందుకు చాచింది. పిడి దొరికింది. పట్టుకుంది.

అలాగే ఉండిపోయింది. లెన్ చూడలేదు గానీ, చీకట్లో ఆవిడ వేళ్లు ఆ ఇత్తడి మీద మెల్లగా నడవడం తెలుస్తోంది. వంకీ మీదుగా... విరిగిన కొస దాకా... మళ్లీ వెనక్కి. పియానో నేర్పిన వేళ్లవి.

"మా అమ్మ బీరువాకి ఒక సొరుగు ఇప్పటికీ పిడి లేకుండానే ఉందండీ," అంది ఆవిడ, మామూలుగా. "అది ఊడబీకినందుకు అక్క దెబ్బలు తింది."

లెన్ గేరు మార్చాడు. ఇప్పుడైనా చెప్పు, అనుకున్నాడు.

"పాస్క్ గారూ."

"ఆఁ."

"ఇక్కడ నా కాళ్ల దగ్గర నీళ్లేమిటి?"

బ్రేకు మీద కాలు బలంగా పడింది. ఎదురుగా వంతెన. దాని అంచున ఎత్తు ఫుట్‌పాత్‌లా రాతి గట్టు. భయంలో కారుని సరిగ్గా ఆ గట్టుకి ఆనించి ఆపాడు. టీఆర్ టూ ఉన్నవాడెవడూ కలలో కూడా చెయ్యని పని అది. ఇంజను దగ్గి ఆగిపోయింది.

వాన చప్పుడు. కింద ఏటి చప్పుడు.

లెన్ టార్చి తీసుకుని దిగిపోయాడు. ఆవిడకి సాయం చెయ్యడానికి దిగానని తనకి తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆ కారులో ఇంకో క్షణం కూర్చోలేకపోయాడు.

టక్.

ఎడమ తలుపు గట్టు రాయికి కొట్టుకుంది. లోపల ఎవరో తాడు లాగి తోస్తున్నారు.

టక్... టక్...

"ఆగండి ఓరెల్ గారూ, కారు వెనక్కి తియ్యాలి. అక్కడ తలుపు రాదు."

"నేను తియ్యడం లేదండీ," అంది లోపల్నించి ఆవిడ గొంతు. "నా చేతులు రెండూ పిడి మీదున్నాయి."

టక్.

లెన్ కారు చుట్టూ తిరిగి, గట్టు మీదకెక్కి టార్చి ఎత్తాడు. పక్క తెర పాతబడి పసుపుపచ్చగా మసకేసి ఉంది. దానిలోంచి ఆవిడ టోపీ కనపడింది. ఆవిడ తల కిందికి వంచుకుని ఉంది. ఆవిడ ఒళ్లో... ఇంకో తల ఉంది. తడిసి నల్లగా. కాళ్లు పెట్టుకునే గోతిలోంచి పైకి లేచి, చంటిపిల్లలా ఆవిడ ఒళ్లో ఆనుకుని.

పారిపోదామనుకున్నాడు. కారుని వదిలి పోలేకపోయాడు.

తెరకున్న చిన్న రెక్క లేచింది. ఆవిడ గుసగుస బయటికొచ్చింది. అందులో భయం లేదు. నిద్రపోతున్న పిల్ల పక్కన మాట్లాడే గొంతు.

"పాస్క్ గారూ. ఇది అడుగుతోందండీ."

"ఎ... ఏమని?"

"మచ్చ ఏ బుగ్గ మీదని. నీళ్లలో అద్దాల్లేవుట. మర్చిపోయిందిట."

వాన టార్చి వెలుగులో దారాల్లా పడుతోంది.

"నేను ఎడమ అనేదాన్ని. కానీ నేను తప్పని తేలింది కదా. మీరే కదా బాగా చూసింది. ఏం చెప్పమంటారు?"

చెప్పు. ఒక్క మాట. చుట్టూ మనిషన్నవాడు లేడు, వినేవాళ్లు లేరు. అతనికి ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ ఆ మాట చెబితే ముందు చెప్పింది అబద్ధమవుతుంది. ఇది ఆ కారే అవుతుంది. రేపు లారీ వస్తుంది. టార్చి వెలుగులో బానెట్ మీద వాన చుక్కలు మిలమిలలాడాయి. దానికి రంగు వేసింది తనే. రుద్దింది తనే.

"కుడి," అన్నాడు లెన్.

లోపల ఏదో గొణుగుడు. చాలాసేపు. ఆ తర్వాత తలుపు కొట్టుకోవడం ఆగిపోయింది.

*

కారు మళ్లీ ఎలా నడిపాడో అతనికి సరిగా తెలీదు. నీళ్లు లేవు. బురద వాసనా లేదు. స్టేషన్ దీపాలు కనపడగానే లెన్‌కి ప్రాణం లేచొచ్చింది. రైలు అప్పటికే ప్లాట్‌ఫారం మీదుంది.

దీపం కింద ఆవిడ తిరిగి నిలబడి, "చాలా థాంక్సండీ," అంది.

అతను ఆవిడ వంక చూశాడు. ఏదో తేడాగా ఉంది. కర్ర ఎడమచేతిలో ఉంది. చెయ్యి మార్చుకునుంటుంది అనుకున్నాడు. వెండి ఆకు పిన్ను కోటుకి కుడిపక్కన ఉంది. తెల్లజుట్టులో పాపిడి అటునుంచి ఇటు మారింది. ఆవిడకి మాత్రం అదేమీ తెలిసినట్టు లేదు. మునుపటిలాగే నిటారుగా, మర్యాదగా నిలబడింది.

తనేం చేశాడో అప్పుడు తెలిసొచ్చింది లెన్‌కి. పరుగున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పానండీ. ఫోటో తిరగబడలేదు. మీరు గుర్తుపెట్టుకున్నదే నిజం. ఇదే ఆ కారు. ఇందాక మీరు కూర్చున్నది ఆ సీటే. నన్ను క్షమించండి."

ఆవిడ అతని చేతి మీద చెయ్యి వేసి తట్టింది. బడిపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు. "కారు సంగతి పిడి ముట్టుకున్నప్పుడే తెలిసిందండీ. మచ్చ సంగతే తెలీలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, మీరు చెప్పిందే దానికి చెప్పేశాను."

"ఏమంది?"

"సరే అంది. అన్నీ అలాగే సర్దుతానంది."

రైలు కదిలింది. కిటికీలో ఆవిడ ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తూ కనపడింది. మొహంలో ఏ అనుమానమూ లేదు. అది చూసే అతనికి అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

*

ఇంట్లో బ్రెండా టీ పెట్టి, పంది మాంసం రొట్టెలు కోసి ఉంచింది. ఎదురుగా కూర్చుని మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏంటి, దెయ్యం పట్టినట్టున్నావు? ఎవడన్నా పందెంలో ఓడించాడా?"

"లేదు."

"మరి ఎడమచేత్తో చక్కెర కలుపుతావేంటి? చిన్నపిల్లాడి వేషాలు! ఆ ఉంగరమేంటి, కుడిచేతికి మార్చావు?"

లెన్ చేతుల వంక చూసుకున్నాడు. పెళ్లి ఉంగరం కుడిచేతికుంది. లాగాడు. రాలేదు. పెళ్లినాటి నుంచీ అక్కడే ఉన్నట్టు చుట్టూ కండ పెరిగి, బిగిసిపోయి ఉంది.

కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఇప్పుడెక్కడికి? టీ చల్లారిపోతుంది," అంటూ బ్రెండా వెనకనుంచి కేకేసింది. అతను గ్యారేజీ తలుపు తీసి దీపం వేశాడు.

కారు అక్కడే ఉంది. ఆకుపచ్చగా, తడిగా, అందంగా. స్టీరింగు ఎడమవైపు ఉంది.

స్టేషన్ నించి ఇంటిదాకా దీన్ని ఎటువైపు కూర్చుని నడిపాడు? ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. నంబరు ప్లేటు మీద అక్షరాలు అద్దంలోలా వీపు తిప్పుకుని ఉన్నాయి. చుట్టూ తిరిగి చూశాడు. ప్రతి వంపూ తనకి తెలిసిందే, ఒక్కటీ తను చేసింది కాదు. దీనికోసమే కదా అదంతా. ఇప్పుడు ఈ కారు ఫోటో తీసి లోకంలో ఎవరికి చూపించినా, ఇది లెన్ పాస్క్ కారని ఒక్కడూ చెప్పలేడు. లెన్ కూడా చెప్పలేడు. అతనికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కారు కోసమో, ఆ పిల్ల కోసమో తెలీలేదు. అది తెలీకపోవడమే అతన్ని ఇంకా కుంగదీసింది.

"ఎడమ," అన్నాడు ఖాళీ సీటుతో. "ఎడమ బుగ్గమ్మా. నేను అబద్ధమాడాను. ఎడమ."

అన్న తర్వాత, ఏది ఎడమో తనకే అనుమానమొచ్చింది.

టాపు అంచునుంచి ఒక్కో చుక్కా సిమెంటు నేల మీద పడుతోంది. గోడకి ఆనుకుని, అదురుతున్న గుండెని పట్టుకుందామని అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

ఎప్పుడూ ఉండే చోట చప్పుడు లేదు.

కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతిని మెల్లగా పక్కకి జరిపాడు. రొమ్ము ఎముక మీదుగా... ఇంకా అవతలికి... కుడిపక్కకి.

అక్కడ కొట్టుకుంటోంది.